డాక్సిజన్‌లో తెలుగు, జర్మన్ కామెంట్లు కలిసిన కోడ్: ఎన్‌కోడింగ్ ఎలా తేల్చుకోవాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మాదాపూర్‌లోని ఒక టీమ్ బస్సు టికెట్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ చూసుకుంటోంది. కోడ్ అంతా సీ, సీ ప్లస్ ప్లస్. ప్రింటర్ డ్రైవర్ భాగం జర్మనీ నుంచి వచ్చింది, అందులో కామెంట్లు జర్మన్‌లో ఉన్నాయి. స్టాపుల పేర్లు చూసుకునే భాగం ఇక్కడివాళ్లు రాశారు, దాని కామెంట్లు తెలుగులో ఉన్నాయి. ఇవి కాక 1990ల చివర్లో రాసిన పాత మాడ్యూల్ ఒకటుంది. అందులో తెలుగు ఏ రూపంలో ఉందో టీమ్‌లో ఎవరికీ తెలియదు. కోడ్‌లోని కామెంట్ల నుంచి డాక్యుమెంటేషన్ తయారుచేసే డాక్సిజన్ అనే టూల్ నడిపితే జర్మన్ అక్షరాల చోట � వస్తోంది. ఇన్‌పుట్ ఎన్‌కోడింగ్‌ను (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) విండోస్-1252కి మారిస్తే డాక్సిజన్ మధ్యలోనే ఆగిపోతోంది. ఐఎస్ఓ-8859-1 పెడితే ఆగడం లేదు, జర్మన్ కూడా బాగానే ఉంది, కానీ తెలుగంతా పిచ్చి గుర్తులు. "వచ్చే వారం క్లయింట్‌కి డాక్యుమెంటేషన్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది, సరైన సెట్టింగ్ ఏది?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ రిపో మొత్తానికి సరిపోయే సెట్టింగ్ ఏదీ లేదు. మీ దగ్గర కనీసం మూడు ఎన్‌కోడింగ్‌లు ఉన్నాయి, ఆ సెట్టింగ్‌లో పట్టేది ఒక్కటే. పైగా ఆ సెట్టింగ్ మీ ఫైళ్లను బాగుచేయదు. "ఈ ఫైళ్లలో బైట్లు ఫలానా పట్టిక ప్రకారం ఉన్నాయి" అని మీరు డాక్సిజన్‌కి చెబుతారు, అది నమ్మేస్తుంది, అంతే. మీరు తప్పు చెబితే అది తప్పుగానే చదువుతుంది. అందుకని విలువలు ఒక్కొక్కటీ మార్చి చూస్తూ కూర్చుంటే తెమలదు. ఏ ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో ముందు తేల్చాలి. తర్వాత అన్నింటినీ ఒక్కసారే యూటీఎఫ్-8కి (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్) మార్చాలి. వారం గడువులో అదంతా కుదరకపోతే తాత్కాలికంగా ఏం చేయొచ్చో కూడా కింద రాశాను.

మీకు వచ్చిన మూడు ఫలితాలూ మంచి ఆధారాలు. వాటితోనే మొదలుపెడదాం.

డాక్సిజన్ లోపల పనంతా యూటీఎఫ్-8లో జరుగుతుంది. ఫైలు చదవగానే, మీరు చెప్పిన ఎన్‌కోడింగ్ నుంచి యూటీఎఫ్-8కి ఐకన్వ్ లైబ్రరీ సాయంతో మారుస్తుంది. మీరేమీ చెప్పకపోతే ఫైలు యూటీఎఫ్-8లోనే ఉందనుకుంటుంది. చాలామంది గమనించనిది ఇక్కడే ఉంది. ఇన్‌పుట్ కూడా యూటీఎఫ్-8 అయితే మార్చేదేమీ లేదని ఆ అడుగే వదిలేస్తుంది. అంటే ఆ బైట్లు నిజంగా యూటీఎఫ్-8 అవునో కాదో ఎవరూ చూడరు. మీ జర్మన్ ఫైళ్లలో రెండు చుక్కల యూ అక్షరం 252 అనే ఒక్క బైటుగా ఉంటుంది. యూటీఎఫ్-8లో 252 అనే బైటు ఎక్కడా రాకూడదు. డాక్సిజన్ దాన్ని ఉన్నదున్నట్టు హెచ్‌టీఎంఎల్‌లోకి పంపింది, బ్రౌజర్‌కి అర్థం కాక � పెట్టింది. లాగ్‌లో దీని గురించి ఒక్క హెచ్చరిక కూడా ఉండదు. కాబట్టి లాగ్ శుభ్రంగా ఉందని ఎన్‌కోడింగ్ బాగున్నట్టు లెక్కవేసుకోకండి.

ఇక విండోస్-1252 పెడితే ఎందుకు ఆగిపోయింది, ఐఎస్ఓ-8859-1తో ఎందుకు ఆగలేదు? దీన్ని బైట్ల దగ్గరికి వెళ్లి చూడాలి. యూనికోడ్‌లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఏదైనా సరే యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. మొదటిది ఎప్పుడూ 224. రెండోది 176 లేదా 177. మూడోది మాత్రమే అక్షరాన్ని బట్టి మారుతుంది. "తెలుగు" అనే మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి 6 గుర్తులు, 18 బైట్లు. అందులో కొమ్ము 224, 177, 129. పొల్లు 224, 177, 141. ఇప్పుడు విండోస్-1252 పట్టిక చూడండి. అందులో 129, 141, 143, 144, 157 స్థానాలు ఖాళీ, వాటికి ఏ అక్షరమూ కేటాయించలేదు. తెలుగు ఫైల్లో మొదటి కొమ్ము లేదా మొదటి పొల్లు రాగానే ఐకన్వ్ "ఈ బైటుకు అర్థం లేదు" అని చేతులెత్తేస్తుంది, డాక్సిజన్ ఆగిపోతుంది. ఏ, ఐ, ఝ అక్షరాల మూడో బైటు కూడా ఆ ఖాళీల్లోనే పడుతుంది. కొమ్మూ పొల్లూ లేకుండా తెలుగు వాక్యం రాయడం కష్టం కాబట్టి, తెలుగు యూటీఎఫ్-8 ఫైలును విండోస్-1252 అని చెబితే దాదాపు ప్రతిసారీ ఇదే జరుగుతుంది.

ఐఎస్ఓ-8859-1లో ఆ ఖాళీలు లేవు. మొత్తం 256 స్థానాలూ నిండి ఉంటాయి, అక్షరం లేని చోట కంట్రోల్ కోడ్‌లు ఉంటాయి. అందుకే అది ఏ ఫైలు మీదా ఆగదు. ఫొటో ఫైలు ఇచ్చినా ఏదో ఒకటి చదివేస్తుంది. ఆగకుండా పూర్తయిందంటే సరిగా ఉన్నట్టేనని మనకు అనిపిస్తుంది కాబట్టి, ఈ మూడు ఫలితాల్లో ఇదే ప్రమాదకరమైనది. దీని గుర్తు కూడా తేలిగ్గా కనిపిస్తుంది. 176 అంటే °, 177 అంటే ±. పేజీ నిండా ప్రతి మూడు గుర్తులకూ ఒక ° గానీ ± గానీ వరస తప్పకుండా కనిపిస్తే, అది తెలుగు యూటీఎఫ్-8ని లాటిన్ అక్షరాలుగా చదివిన ఫలితం. అసలు ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంకో రెండు లక్షణాలు కూడా చెప్తాను, ముందు ముందు ఇవీ ఎదురవుతాయి. అక్షరానికో ? చొప్పున వరసగా ఉంటే తెలుగు అక్కడ పోయింది. ఎవరో దాన్ని తెలుగుకు చోటు లేని పట్టికలో సేవ్ చేశారు. విండోస్‌లో తెలుగుకు ఏఎన్ఎస్ఐ కోడ్ పేజీ (విండోస్ పాత అక్షరాల పట్టిక) అంటూ ఎప్పుడూ లేదు, మొదటినుంచీ యూనికోడ్ ద్వారానే. అందుకే పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు రాసి ఏఎన్ఎస్ఐగా సేవ్ చేస్తే మిగిలేవి ప్రశ్న గుర్తులే, బైట్ల స్థాయిలోనే పోతాయి, ఏ టూలూ వెనక్కి తేలేదు. గిట్ చరిత్రలో పాత కాపీ ఉంటే అదే దిక్కు. నోట్‌ప్యాడ్ మామూలుగా యూటీఎఫ్-8లో సేవ్ చేయడం 2019లో విండోస్ 10 వెర్షన్ 1903 నుంచే మొదలైంది, కాబట్టి అంతకుముందు నోట్‌ప్యాడ్‌లో ముట్టుకున్న ఫైళ్లను ప్రత్యేకంగా చూడండి. అలా కాక ఖాళీ డబ్బాలు కనిపిస్తుంటే ఎన్‌కోడింగ్ బాగానే ఉంది, ఫాంట్ లేదు. ఆ రెండింటినీ కలిపి చూస్తే అనవసరంగా బాగున్న ఫైళ్లను చెడగొట్టుకుంటారు.

అన్నట్టు, హెచ్‌టీఎంఎల్ మీ లాప్‌టాప్‌లో బాగా కనిపించి సర్వర్‌లో పెట్టాక చెడిపోతే డాక్సిజన్‌ను తిట్టకండి. సర్వర్ పంపే హెడర్‌లో వేరే క్యారెక్టర్ సెట్ రాసి ఉంటే, పేజీలో ఉన్న యూటీఎఫ్-8 ప్రకటనను బ్రౌజర్ పట్టించుకోదు. సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ఆ ఒక్క వాక్యం సరిచేస్తే చాలు.

సరే, ఫైళ్లను వర్గాలుగా విడదీయడం ఎలా? ముందుగా ప్రతి ఫైలునూ ఐకన్వ్ కమాండుతో యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మార్పించండి. వినడానికి వింతగా ఉన్నా ఇది మంచి పరీక్ష. డాక్సిజన్‌లా ఈ కమాండు దాటేయదు, ప్రతి బైటునూ చూస్తుంది, తేడా ఉంటే ఏ స్థానంలో ఉందో చెబుతుంది. నెగ్గిన ఫైళ్లు శుద్ధ ఆస్కీ (127 దాటని బైట్లే ఉన్న మామూలు ఇంగ్లిష్ పాఠం) అయినా అయి ఉండాలి, యూటీఎఫ్-8 అయినా అయి ఉండాలి. వేరే ఎన్‌కోడింగ్‌లో రాసిన మామూలు వాక్యాలు పొరపాటున ఈ పరీక్ష నెగ్గడం చాలా అరుదు. ఓడిన ఫైళ్లనే చేతితో చూడాలి, అవి సాధారణంగా కొన్నే ఉంటాయి. ఎన్‌కోడింగ్ ఊహించి చెప్పే టూల్స్ కూడా ఉన్నాయి గానీ కోడ్ విషయంలో వాటిని నేను నమ్మను. అవి అక్షరాలు ఎంత తరచుగా వస్తున్నాయో లెక్కవేసి చెబుతాయి. సోర్స్ ఫైల్లో 127 దాటిన బైట్లు పదో పాతికో ఉంటే ఆ లెక్కకు ఆధారమే ఉండదు.

ఓడిన ఫైల్లో బైట్లను ఓడీ కమాండుతో మామూలు అంకెల్లో చూడండి. 228, 246, 252, 223 లాంటివి ఇంగ్లిష్ అక్షరాల మధ్య ఒంటరిగా కనిపిస్తే అది జర్మన్, విండోస్-1252 అనుకోవచ్చు. లైసెన్స్ హెడర్‌లో 169 ఒక్కటే ఉంటే కాపీరైట్ గుర్తు. 147, 148 ఉంటే ఎవరో వర్డ్ డాక్యుమెంట్ నుంచి వంపు కొటేషన్లతో సహా అతికించారు. ఈ 147, 148 ఉన్న ఫైలును ఐఎస్ఓ-8859-1 అని చెప్పకండి, అందులో అవి కంట్రోల్ కోడ్‌లు, కొటేషన్లు మాయమవుతాయి. యూరప్ నుంచి వచ్చిన పాత కోడ్‌కి విండోస్-1252 అని చెప్పడమే మంచిది. అది తప్పయితే ఖాళీ స్థానాల దగ్గర ఆగి మనకు తెలియజేసే అవకాశమైనా ఉంటుంది.

కలగాపులగం ఫైళ్లు కూడా దొరుకుతాయి. పైన జర్మన్ హెడర్ 1252లో ఉంటుంది, కింద మనవాళ్లు రాసిన తెలుగు యూటీఎఫ్-8లో ఉంటుంది. ఇలాంటి ఫైలును మొత్తంగా ఏ ఎన్‌కోడింగ్ నుంచి మార్చినా సగం చెడుతుంది. చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి ఒక్కో లైనునూ విడిగా చూడాలి. ముందు యూటీఎఫ్-8గా చదవడానికి ప్రయత్నించాలి, కుదరని లైనును మాత్రమే 1252గా చదవాలి. ఈ వరస తిరగేయకూడదు. యూటీఎఫ్-8కి గట్టి నియమాలున్నాయి కాబట్టి తనది కాని దాన్ని అది ఒప్పుకోదు. 1252 దాదాపు అన్నింటినీ ఒప్పుకుంటుంది.

ఇప్పుడు మార్చడం గురించి. అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. కామెంట్‌లో అక్షరం మారితే ప్రోగ్రామ్‌కి ఏమీ కాదు. కానీ కొటేషన్ల మధ్య ఉన్న స్ట్రింగ్ మారితే ప్రోగ్రామ్ మారిపోయినట్టే. మీ ప్రింటర్‌కి 220 అనే ఒక్క బైటు పంపితే పెద్ద యూ మీద రెండు చుక్కలు వేసి అచ్చు వేస్తుందనుకోండి. ఫైలును యూటీఎఫ్-8కి మార్చాక అదే స్ట్రింగ్‌లో 195, 156 అని రెండు బైట్లు ఉంటాయి. టికెట్ మీద చెత్త పడుతుంది. డాక్యుమెంటేషన్ బాగుచేయబోయి కండక్టర్ చేతిలో మెషీన్‌ను పాడుచేసినట్టవుతుంది. కాబట్టి 127 దాటిన బైట్లు స్ట్రింగుల్లో ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు వెతికి, ఫైలు మార్చకముందే వాటిని ఎస్కేప్ కోడ్‌లుగా (బైటు విలువను అంకెల్లో చెప్పే రాత) రాసేయండి. అందులోనూ హెక్స్ ఎస్కేప్ వద్దు, 3 అంకెల ఆక్టల్ వాడండి. సీ భాషలో హెక్స్ ఎస్కేప్ ఎక్కడ ఆగాలో తెలియక, వెనకాల హెక్స్ అంకెగా చెల్లే అక్షరం ఉన్నంతవరకూ మింగేస్తుంది. జర్మన్‌లో "ఊబర్" అని పలికే మాటలో మొదటి అక్షరం తర్వాత వచ్చే బీ, ఈ రెండూ హెక్స్ అంకెలే. ఆక్టల్‌లో 334 అని రాస్తే 3 అంకెలతో ఆగిపోతుంది, గొడవ లేదు.

మార్పు సరిగ్గా జరిగిందని తెలుసుకోవడానికి నేను నమ్మే పరీక్ష ఒకటే. డీబగ్ సమాచారం లేకుండా మార్పుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బిల్డ్ చేసి ఆబ్జెక్ట్ ఫైళ్లను బైటుకు బైటు పోల్చండి. కామెంట్లే మారితే అవి అచ్చం ఒకేలా ఉండాలి. బిల్డ్ తేదీ, సమయం కోడ్‌లోకి చొప్పించే మాక్రోలు ఉంటే వాటిని ముందు తీసేయండి. ఒక్క ఆబ్జెక్ట్ ఫైల్లో తేడా వచ్చినా, ఆ ఫైల్లో మీకు కనపడని స్ట్రింగ్ ఏదో మారి ఉండొచ్చు. విజువల్ స్టూడియోతో బిల్డ్ చేసేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. మైక్రోసాఫ్ట్ కంపైలర్ బీఓఎం (ఫైలు మొదట్లో ఎన్‌కోడింగ్‌ను తెలిపే కొన్ని బైట్ల గుర్తు) లేని ఫైలును మామూలుగా ఆ మెషీన్ కోడ్ పేజీలో ఉన్నట్టు చదువుతుంది. ఫైళ్లు మార్చిన రోజే కంపైలర్‌కి కూడా యూటీఎఫ్-8 ఆప్షన్ ఇవ్వాలి.

ఎన్‌కోడింగ్ మార్పును విడి కమిట్‌గా పెట్టండి, అందులో వేరే పనేదీ కలపకండి. రేపు ఎవరైనా గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు మార్చారో చూపే కమాండు) చూస్తే అన్ని లైన్ల మీదా మీ పేరే కనిపిస్తుందన్న భయం అక్కర్లేదు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి, పట్టించుకోకూడని కమిట్ల జాబితా ఒక ఫైల్లో ఇవ్వొచ్చు. విండోస్ రిసోర్స్ ఫైళ్లు యూటీఎఫ్-16లో ఉంటే వాటిని అలాగే ఉంచాల్సి రావచ్చు. గిట్ అట్రిబ్యూట్స్‌లో వర్కింగ్ ట్రీ ఎన్‌కోడింగ్ రాస్తే గిట్ లోపల యూటీఎఫ్-8గా దాచి, బయటికి యూటీఎఫ్-16గా ఇస్తుంది, డిఫ్ కూడా చదవగలిగేలా ఉంటుంది. ఇది 2.18 నుంచి ఉంది.

వారంలో ఇదంతా కుదరదంటే తాత్కాలిక మార్గం ఇదీ. కొత్త డాక్సిజన్‌లో ఇన్‌పుట్ ఫైల్ ఎన్‌కోడింగ్ అని ఇంకో సెట్టింగ్ ఉంది. అందులో ఫైలు పేరు నమూనాకు ఒక ఎన్‌కోడింగ్ చొప్పున ఇవ్వొచ్చు. ప్రింటర్ డ్రైవర్ ఫైళ్ల నమూనాకు విండోస్-1252 ఇచ్చి, మిగతావాటికి యూటీఎఫ్-8 ఉంచండి. పాత వెర్షన్‌లో ఇరుక్కుపోతే బీఓఎం వాడుకోవచ్చు. ఫైలు మొదట్లో 239, 187, 191 అనే 3 బైట్లు ఉంటే డాక్సిజన్ మీ సెట్టింగ్‌ను పక్కనపెట్టి ఆ ఫైలును యూటీఎఫ్-8గానే తీసుకుంటుంది. అంటే తెలుగు ఫైళ్లకు బీఓఎం పెట్టి, మొత్తానికి విండోస్-1252 అని చెబితే రెండూ బాగా వస్తాయి. షెల్ స్క్రిప్టులకు మాత్రం బీఓఎం పెట్టకండి, మొదటి లైను చెడిపోయి అవి నడవవు. డాక్సీఫైల్ ఎన్‌కోడింగ్ అని ఇంకో సెట్టింగ్ కనిపిస్తుంది, దానికీ సోర్స్ ఫైళ్లకూ సంబంధం లేదు, అది కాన్ఫిగరేషన్ ఫైలు కోసం.

ఫిల్టర్ స్క్రిప్ట్ రాసి అందులో మారుద్దామని కొందరంటారు. చేయొచ్చు. అయితే ఫిల్టర్ ముందు నడుస్తుంది, ఆ తర్వాత డాక్సిజన్ తన మార్పిడి చేస్తుంది. ఫిల్టర్ యూటీఎఫ్-8 ఇస్తుంటే సెట్టింగ్ కూడా యూటీఎఫ్-8 ఉండాలి, లేకపోతే రెండుసార్లు మారుతుంది. కామెంట్లు బాగా వచ్చి సోర్స్ బ్రౌజర్ పేజీలు మాత్రం చెడి ఉంటే, సోర్స్ ఫైళ్లను కూడా ఫిల్టర్ చేయమనే ఆప్షన్ విడిగా ఆన్ చేయాలి. పైథాన్ ఫిల్టర్ బిల్డ్ సర్వర్ మీద బాగా నడిచి విండోస్ లాప్‌టాప్ మీద పడిపోతుందని చాలామంది వాపోతుంటారు. అవుట్‌పుట్‌ను పైపులోకి పంపేటప్పుడు విండోస్‌లో పైథాన్ ఆ మెషీన్ కోడ్ పేజీ వాడుతుంది, అందులో తెలుగు లేదు. పైథాన్ యూటీఎఫ్-8 మోడ్‌ను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఆన్ చేయండి, 3.7 నుంచి ఉంది.

పాత మాడ్యూల్ సంగతి. ఆ కాలం తెలుగు అంటే నాకు తోచేవి రెండు. మొదటిది ఇస్కీ, 1991 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 13194. ఇందులో అన్ని భారతీయ లిపులకూ ఒకే కోడ్. తెలుగు క అయినా, దేవనాగరి క అయినా 179. ఏ లిపిలో చూపాలో ముందు వచ్చే 239 అనే బైటు, దాని పక్కనున్న లిపి కోడ్ చెబుతాయి, తెలుగుకు ఆ కోడ్ 69. గ్నూ ఐకన్వ్‌లో ఇస్కీ పట్టిక లేదు కాబట్టి డాక్సిజన్ సెట్టింగ్‌లో ఏం రాసినా లాభం లేదు. ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీతో వచ్చే యూకన్వ్ కమాండుకు ఇస్కీ తెలుసు. విండోస్‌లో తెలుగు ఇస్కీ కోడ్ పేజీ 57005.

సొంతంగా పట్టిక రాసి మార్చేద్దామని మాత్రం అనుకోకండి. "దిల్‌సుఖ్‌నగర్" తీసుకోండి. ల్ కింద స వత్తు పడకుండా, ఖ్ కింద న వత్తు పడకుండా ఆపడానికి యూనికోడ్‌లో పొల్లు తర్వాత కనిపించని జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే గుర్తు ఉంటుంది. ఇస్కీలో ఆ గుర్తు లేదు, పొల్లు బైటు 232ను రెండుసార్లు రాస్తారు. బైటుకు బైటు మార్చే పట్టిక రెండు పొల్లులు వరసగా పెట్టేస్తుంది. ఐసీయూ అయితే పొల్లు, దాని పక్కన జడ్‌డబ్ల్యూఎన్‌జే పెడుతుంది. మార్చాక "కనిపించని గుర్తులు తీసేసే" శుభ్రపరిచే స్క్రిప్టులు కూడా నడపకండి. అవి జడ్‌డబ్ల్యూఎన్‌జేను చెత్త అనుకుని తీసేస్తే "దిల్సుఖ్నగర్" మిగులుతుంది. బస్సు టికెట్ చదివే మనిషికి ఆ తేడా వెంటనే కంట్లో పడుతుంది.

ఇలాంటిదే ఇంకోటి "హైదరాబాద్"లోనే ఉంది. హై మీది ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒక్క గుర్తుగా రాయొచ్చు, ఎత్వం, దాని కింది భాగం అని రెండు గుర్తులుగా కూడా రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, బైట్లు వేరు. కొన్ని ఫైళ్లలో ఒకటి, కొన్నింట్లో ఇంకోటి ఉంటే డాక్యుమెంటేషన్ సెర్చ్ బాక్స్‌లో హైదరాబాద్ అని కొట్టినా సగం పేజీలు దొరకవు. కాబట్టి యూటీఎఫ్-8కి మార్చిన తర్వాత అన్నింటినీ ఎన్ఎఫ్‌సీ (ఇలాంటి ముక్కలను కలిపి ఒకే గుర్తుగా రాసే యూనికోడ్ పద్ధతి) రూపానికి తెచ్చేయండి. స్ట్రింగులకు మళ్లీ అదే జాగ్రత్త.

ఇంత తిప్పలెందుకు, కామెంట్లన్నీ ఇంగ్లిష్‌లో రాసేయండి అని మీకు సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. నేను ఒప్పుకోను. ఏ పేరులో ఏ అక్షరం కింద వత్తు పడకూడదో చెప్పే కామెంట్‌ను తెలుగు అక్షరం లేకుండా స్పష్టంగా రాయలేం. ఆ కామెంట్లు రాసినవాళ్లు పని తెలిసినవాళ్లు, వాటిని కాపాడండి.

మళ్లీ చెడిపోకుండా ఉండాలంటే, కమిట్‌కి ముందు నడిచే హుక్‌లోనూ బిల్డ్ సర్వర్‌లోనూ పైన చెప్పిన ఐకన్వ్ పరీక్ష పెట్టండి. ఓడిన ఫైలుతో బిల్డ్ ఆగిపోవాలి, హెచ్చరికతో సరిపెట్టకండి. వీఎస్ కోడ్ వాడేవాళ్లకు రెండు ఆప్షన్ల తేడా చెప్పి పెట్టండి. ఎన్‌కోడింగ్‌తో మళ్లీ తెరవడం అంటే చదివే తీరు మాత్రమే మారుతుంది. ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేయడం అంటే ఫైలే మారుతుంది. తెర మీద చెత్త కనిపిస్తున్నప్పుడు సేవ్ నొక్కితే ఆ చెత్త శాశ్వతమవుతుంది. ఐఎస్ఓ-8859-1గా చదివి అలా సేవ్ చేసి ఉంటే ఒక మేలుంది. ఆ ఫైలును యూటీఎఫ్-8 నుంచి ఐఎస్ఓ-8859-1కి ఒకసారి వెనక్కి మారిస్తే అసలు తెలుగు బైట్లు పూర్తిగా తిరిగి వస్తాయి.

జావా టీమ్‌లు కూడా ఇది చదువుతుంటే, జావాడాక్‌కి సోర్స్ ఎన్‌కోడింగ్, అవుట్‌పుట్ ఎన్‌కోడింగ్, పేజీలో ప్రకటించే క్యారెక్టర్ సెట్ అని మూడు విడి ఆప్షన్లు ఉన్నాయి, మూడూ ఇవ్వండి. 2022లో వచ్చిన జేడీకే 18 నుంచి యూటీఎఫ్-8 డిఫాల్ట్ అయింది, అంతకుముందు మెషీన్‌ను బట్టి మారేది.

పీడీఎఫ్ కూడా ఇవ్వాలంటే మామూలు పీడీఎఫ్‌లాటెక్ తెలుగుకు పనికిరాదు. డాక్సిజన్‌లో లాటెక్ కమాండు పేరును జీలాటెక్‌గా మార్చి, హెడర్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఇవ్వండి. గడువు దగ్గర్లో ఉంది కాబట్టి ముందు హెచ్‌టీఎంఎల్ ఇచ్చి, పీడీఎఫ్‌కి ఇంకో వారం అడగడం మేలు.

పాత మాడ్యూల్ ఇస్కీ కాకపోతే మిగిలిన రెండో అవకాశం అను లాంటి డీటీపీ ఫాంట్‌తో టైపు చేసిన పాఠం, ఎవరో స్పెసిఫికేషన్ డాక్యుమెంట్ నుంచి అతికించి ఉంటారు. ఇది అసలు ఎన్‌కోడింగ్ కాదు, చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులే ఆ ఫాంట్‌లో తెలుగు ముక్కలుగా కనిపిస్తాయి. ఐకన్వ్‌కి గానీ ఐసీయూకి గానీ ఇది తెలియదు. ఆ ఫాంట్ కోసమే చేసిన కన్వర్టర్‌తో కామెంట్లను మాత్రమే తీసి మార్చి, తెలుగు చదవగలిగిన మనిషితో సరిచూపించాలి. మీ దగ్గర ఏది ఉందో తేల్చాలంటే ఆ మాడ్యూల్‌లో తెలుగు ఉందనుకునే ఒక కామెంట్‌ను ఓడీతో అంకెల్లో తీసి, ఓ 200 బైట్లు ఇక్కడ పెట్టండి. 161 నుంచి 250 మధ్య అంకెలు గుంపులుగా, మధ్యమధ్యలో 232 కనిపిస్తే ఇస్కీ. క్లయింట్ పేరు, మెషీన్ నంబర్లు లాంటివి ఉంటే తీసేసి పెట్టండి.